చెలమ ఎక్కడ తియ్యాలి?

వేసవిలో వాగు ఎండినట్టు కనబడినా, చాలాచోట్ల నీళ్ళు ఇసుక కిందికి దిగి ఉంటాయి. చిన్నప్పుడు మైలవరం దగ్గర మా అమ్మమ్మ వెంట బిందె పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆవిడ ముందు ఇసుకను చూసేది కాదు, కొండను చూసేది. రెండు చరియలు లోపలికి వంగి కలిసే లోవ ఎక్కడుందో చూసి, దానికి ఎదురుగా చెలమ తీసేది. మోచేతి లోతులో ఊట తగిలేది. ముందుకు పొడుచుకొచ్చిన గుట్ట కింద నేను తీస్తే తడి ఇసుకే. "కొండ దోసిలి పట్టిన చోట తియ్యాలిరా" అనేది.

ఆ మాట వెనకున్న లెక్క పెద్దయ్యాక తెలిసింది. నేలలో ఇంకిన వాన కూడా వాలును బట్టే నడుస్తుంది. లోవలో చుట్టూ ఉన్న వాలుల నీరంతా ఒక్కచోటికి చేరుతుంది. బోర్లించిన మూకుడులాంటి గుట్ట మీదనైతే తలో దిక్కుకూ పోతుంది. నిటారు వాలు మీద మట్టి పల్చన, వాన జారిపోతుంది. కొండ పాదంలో మాత్రం పైనుంచి కొట్టుకొచ్చిన మట్టీ గులకా మందంగా పేరుకుని, ఇంకిన నీటిని నెలల తరబడి కొద్దికొద్దిగా వాగుకి వదులుతాయి. కెనడాలో భూగర్భజల శాస్త్రవేత్త జోసెఫ్ టోత్ 1963లో వాలు నీటిని నడిపే తీరును గణితంతో చూపించాడు: ఎత్తుపల్లాలున్న నేల కింద నీరు దగ్గరి పల్లానికి దారి చేసుకుంటుంది, బల్లపరుపు నేల కింద దాదాపు నిలిచిపోతుంది.

మా కొండల్లో పుట్టి, వెలగలేరు దాటి, బెజవాడ పక్కగా కొల్లేరు చేరే బుడమేరుకి ఈ రెండు నేలలూ తెలుసు. 2024 సెప్టెంబరులో బెజవాడలోని సింగ్‌నగర్ మునిగాక అందరం దాని వరద గురించే మాట్లాడుతున్నాం. మాట్లాడాల్సిందే. కానీ కొండ పాదం దాచే నీటి మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంది. మొరం కోసం ఆ పాదాన్ని తవ్వుకుపోతే, నీరు దాగే చోటే పోతుంది. పక్కనే బోరు దించితే, వాగుకి రావాల్సిన ఊట పైపులోకి మళ్ళుతుంది.

మొన్న మే నెలలో అమ్మమ్మ లోవకి వెళ్ళాను. భుజం దాకా చెయ్యి దించితే గానీ తడి తగల్లేదు. బురద నీరు మూడుసార్లు తోడేసి కూర్చున్నాను. తేరుకుని ముంతెడు ఊరేసరికి పొద్దు కొండ వెనక్కి దిగింది.