గులు బడిలో అల్లిన సంచి

కూల్‌డ్రింక్ డబ్బా తెరవడానికి పైకి లాగే అల్యూమినియం రింగు అందరికీ తెలిసిందే. రెండు కన్నాలు, ఒకవైపు నునుపు, రెండోవైపు లోపలికి మడిచిన అంచులు. డబ్బా నుంచి విరిచిన చోట కాస్త గరుకు మిగులుతుంది. ఉత్తర ఉగాండాలోని గులు పట్టణంలో, సెయింట్ మోనికా బాలికల కుట్టుశిక్షణ కేంద్రంలో, ఈ రింగులతోనే చేతిసంచులు తయారవుతాయి.

పని చూపులకు తేలిక. ఒక రింగు మీదికి మరొకటి చేప పొలుసుల్లా సగం ఎక్కాలి. కన్నం మీద కన్నం పడ్డచోట క్రోషా సూదితో దారం లాగి కుట్టు బిగించాలి. గరుకు వైపు లోపలికి పోవాలి, లేకపోతే చేతికి గుచ్చుకుంటుంది. లోహపు అంచుకు ఒరుసుకుని దారం తెగిపోకుండా కుట్లు దగ్గరదగ్గరగా పడాలి. రింగుల మధ్య కనిపించే ఆ రంగుదారం అందానికే అనుకుంటాం గానీ సంచి బలమంతా అక్కడే ఉంది. బిగువు తగ్గితే సంచి సాగిపోతుంది, ఎక్కువైతే వరుస వంకర తిరుగుతుంది. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా చెయ్యి ఒక్క తీరున నడవాలి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది వేరే సంగతి. చంటిబిడ్డ ఏడిస్తే ఈ పని ఎక్కడికక్కడ ఆపవచ్చు. చివరి ఉచ్చు ఒక్కటి జారకుండా చూసుకుంటే చాలు, అల్లినదంతా చెక్కుచెదరదు. నరసాపురం లేసు అల్లే మన గోదావరి ఆడవాళ్లకు ఈ సౌకర్యం బాగా తెలుసు. వాళ్ల పెద్దలకు క్రోషా సూది పట్టడం నేర్పింది క్రైస్తవ మిషనరీలు. గులులో సూది పట్టిన అమ్మాయిల్లో చాలామంది చిన్న వయసులోనే తల్లులయ్యారు, అదీ వాళ్ల ఇష్టంతో కాదు.

జోసెఫ్ కోనీ నడిపిన లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం 1980ల చివరి నుంచి ఆ ప్రాంతంలో వేలాది పిల్లలను ఎత్తుకుపోయింది. మగపిల్లల చేతికి తుపాకులిచ్చింది. ఆడపిల్లలను సైనికులకు భార్యలుగా పంచింది, వాళ్లచేతా తుపాకి పట్టించింది. తప్పించుకుని వచ్చినవాళ్లను సొంత ఊళ్లే అనుమానంగా చూశాయి. సేక్రెడ్ హార్ట్ సన్యాసినుల సంఘానికి చెందిన సిస్టర్ రోజ్‌మేరీ న్యిరుంబే 2001లో ఈ కేంద్రం బాధ్యత తీసుకున్నారు. అలాంటి అమ్మాయిలను బడికి రమ్మని రేడియోలో పిలిచారు. గర్భంతో ఉన్నా రమ్మన్నారు, బిడ్డను చంకనెత్తుకునైనా రమ్మన్నారు. ఆమె మంత్రసానిగా శిక్షణ పొందిన మనిషి. తల్లికి చదువు చెప్పాలంటే ముందు బిడ్డకు చోటు చూపాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కుట్టుపని, వంటపని నేర్పే గదుల పక్కనే పిల్లల సంరక్షణ కేంద్రం వెలిసింది. 2,000 మందికి పైగా అమ్మాయిలు అక్కడ శిక్షణ పొందారు.

రింగుల సంచులు అమెరికా దాకా వెళ్లి అమ్ముడయ్యాయి. అయితే ఆ సంచిని జాలితో కొనాల్సిన పనిలేదు. కుట్టు చూసి కొనదగ్గ వస్తువది, నా మెప్పంతా అందుకే.

పారేసిన వస్తువును అదే తీరున వాడిన పని అటియాక్‌లోనూ ఉంది. 1995లో కోనీ మనుషులు వందలమందిని కాల్చి చంపిన ఊరది. అక్కడ సిస్టర్ రోజ్‌మేరీ ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో మట్టి కూరి, వాటినే ఇటుకలుగా పేర్చి ఇళ్లు కట్టించారు. మట్టి వదులుగా ఉంటే సీసా నొక్కుకుపోయి గోడ కుంగుతుంది. అందుకే ప్రతి సీసానూ గట్టిగా కూరాలి, పేర్చినప్పుడు సందుల్లో అడుసు నిండుగా పడాలి.