నొప్పి తగ్గిందని ఎవరు చెప్పాలి?

కుక్క మూలగడం లేదు కాబట్టి దానికి నొప్పి లేదని మనలో చాలామంది అనుకుంటాం. దెబ్బ తగిలితే కుయ్యోమనే ఆ ప్రాణే, నెలల తరబడి కీళ్లు అరిగి సలుపుతుంటే మాత్రం నోరు విప్పదు. మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. సోఫా ఎక్కడం మానేస్తుంది. గేటు చప్పుడైతే పరిగెత్తేది కాస్తా, పడుకున్నచోటి నుంచే తోక ఊపి ఊరుకుంటుంది. పిల్లి అయితే మరీ గుట్టు. ఎత్తుకు దూకడం మానేస్తుంది, నడుం వంగక ఒళ్లు నాక్కోవడం తగ్గిస్తుంది. వీపు మీద బొచ్చు అట్టకట్టేదాకా మనకు తెలియనివ్వదు.

"ముసల్దయింది సార్, గిట్లనే ఉంటది" అని పక్క తోట కాపలా మనిషి తన కుక్క గురించి అన్నప్పుడు ఆ మాటలో నిర్దయ ఏమీ లేదు. కానీ ముసలితనం జబ్బు కాదు. ముసలితనంలో వచ్చే నొప్పికి కారణం ఉంటుంది, చాలాసార్లు ఉపశమనమూ ఉంటుంది.

మేముంటున్న కొండకల్ పేరు బయటివాళ్లకు 2023 జూన్‌లో ఇక్కడ మొదలైన రైలు పెట్టెల ఫ్యాక్టరీ వల్ల తెలిసింది. ఇక్కడ ఉంటున్నవాళ్లు చూస్తున్న మార్పులు ఇంకా ఉన్నాయి. మోకిల, శంకర్‌పల్లి దారుల్లో విల్లాలు లేచాయి. మొయినాబాద్, చేవెళ్ల పొలాల మధ్య ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. వాటితోపాటే లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డ్‌లు వచ్చాయి. తుంటికీలు సరిగ్గా అమరకపోవడం ఈ జాతుల్లో వంశపారంపర్యంగా ఎక్కువ. నున్నటి గ్రానైట్ నేల మీద ఆ తుంటి రోజూ జారుతుంది. ముద్దుకొద్దీ పెట్టే పెరుగన్నం, బిస్కెట్లు దాని మీద బరువు పెంచుతాయి. కూనలుగా వచ్చిన కుక్కలు ఇప్పుడు ముసలివవుతున్నాయి. అందుకే సాయంత్రం నడకకు వచ్చినవాళ్ల కబుర్లలో ఆక్యుపంక్చర్, లేజర్, నీటి వ్యాయామం, ఆయుర్వేద నూనెల ప్రస్తావన తరచూ వినిపిస్తోంది.

మా జిమ్మీ కూడా ఆ వయసుకు వచ్చిన లాబ్రడారే. పొద్దున లేచేటప్పుడు ముందుకాళ్లు నిలదొక్కుకుని, వెనక భాగాన్ని ఒక్క ఊపుతో పైకి లాక్కుంటాడు. ఎడమ వెనక్కాలు నేల మీద పూర్తిగా ఆనదు, వేళ్ల కొసలే తాకుతాయి. నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటాడు. రాత్రంతా కదలక బిగుసుకుపోయిన కీలు కదిలిస్తే సడలుతుంది. మోకాళ్ల నొప్పులున్న మన పెద్దవాళ్లందరికీ ఇది అనుభవమే.

ఎక్స్‌రే తీయించి, డాక్టరు రాసిన మందు మొదలుపెట్టాక, ఆయన చూపించిన పద్ధతిలోనే చేత్తో చేసే వైద్యం నేర్చుకున్నాను. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన తువ్వాలును కాసేపు తుంటి మీద ఉంచుతాను. తర్వాత అరచేతిని నడుం మీద పెట్టి, బొచ్చు వాలు ప్రకారం తొడ దాకా మెల్లగా దించుతాను. కుడి తొడ నిండుగా తగులుతుంది. ఎడమ తొడ లోపలికి పోయినట్టుంటుంది, బరువు మోపని కాలి కండ కరిగిపోయింది. ఒకచోట చర్మం చటుక్కున వణుకుతుంది. వాడు తల తిప్పి నా చేతివైపు చూసినా, పెదాలు నాక్కున్నా అక్కడితో ఆపాలి. వాడు వద్దని చెప్పే తీరు అది. చివరగా మోకాలిని వాడు ఒప్పుకున్నంత మేరకే మడిచి చాపుతాను, లాగను.

ఈ వైద్యాలన్నీ మందు పక్కన నిలబడి పనిచేయాల్సినవే, మందును తోసేసి కాదు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్యుల సంఘం 2022లో విడుదల చేసిన నొప్పి మార్గదర్శకాల్లో ఆక్యుపంక్చర్‌కూ, వ్యాయామ చికిత్సకూ చోటిచ్చింది. ఆక్యుపంక్చర్ సూదులు నరాలను కదిలిస్తాయి, దాంతో శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. కొన్ని పరిశోధనల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. కాబట్టి శిక్షణ పొందిన పశువైద్యుల చేతుల్లోనే, మిగతా చికిత్సకు తోడుగా చేయించాలి.

నీటి వ్యాయామం సంగతి ఇంకా తేటగా అర్థమవుతుంది. మోకాలి లోతు నీళ్లలో కుక్క కాళ్ల మీద దాని బరువులో దాదాపు 85 శాతం పడుతుందని, తుంటి లోతుకు వస్తే అది 38 శాతానికి దిగుతుందని 2010లో వచ్చిన ఒక పరిశోధన కొలిచి చెప్పింది. నీళ్లు బరువు మోస్తుంటే కీలు నొప్పి లేకుండా కదులుతుంది, కండ తిరిగి పడుతుంది. అలాగని తోటలోని తొట్టిలోకి కుక్కను దించేస్తే సరిపోదు. నడిచి దిగే వాలు ఉండాలి, అడుగు జారకూడదు, మనిషి పక్కనే ఉండాలి. చలికాలం పొద్దున చన్నీళ్లలోకి దించితే బిగిసిన కీలు ఇంకా బిగుస్తుంది.

మూలికల్లో శల్లకి పేరు ఎక్కువగా వినిపిస్తుంది. అది అందుగు చెట్టు బంక. 2004లో స్విట్జర్లాండ్ పశువైద్య పత్రికలో 29 కుక్కల మీద చేసిన పరిశీలన అచ్చయింది. రెండు వారాలు తిరిగేసరికే పదింటిలో ఏడు మెరుగుపడ్డాయని అందులో రాశారు. అయితే బంక ఇవ్వని కుక్కలతో పోల్చి చూడలేదు.

ఆ పోలిక ఎందుకంత ముఖ్యమో 2012లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చిన మరో పరిశోధన చూపించింది. కీళ్ల అరుగుదలతో కుంటే 58 కుక్కలకు మందు లేని ఉత్త బిళ్లలు ఇచ్చారు. కాలు ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిచారు. కొలతలో మెరుగు లేకపోయినా యజమానులు సగానికి పైగా సందర్భాల్లో మెరుగుందన్నారు. పశువైద్యుల అంచనాలు కూడా నూటికి నలభైకి తగ్గకుండా అలాగే పొరపడ్డాయి. మన కోసం మనం వేసుకునే మందులో నమ్మకం కొంత నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. కుక్క విషయంలో బాగైందన్న నమ్మకం మనకు కలుగుతుంది, నొప్పి మాత్రం దానికే మిగులుతుంది. నన్ను ఇంతగా కలవరపెట్టిన వాస్తవం మరొకటి లేదు.

చెట్టుమందు కదా, ఏం చేస్తుందిలే అన్న ధీమా కూడా వద్దు. వెల్లుల్లి కాచిన నువ్వుల నూనె మనకు మోకాళ్లకు మంచిదే. కుక్క కాలికి రాస్తే అది నాకి మింగుతుంది, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. తలనొప్పి బామ్‌లో ఉండే కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె కడుపులోకి పోతే విషం. వాపుల మీద కట్టే ఉమ్మెత్త ఆకు, జిల్లేడు ఆకు నోటికీ కంటికీ ప్రమాదం. ఇంట్లోని మందుల డబ్బా కూడా అంతే. పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను చెడగొడుతుంది. డాక్టరు ఇస్తున్న మందుకు తోడు ఏ మూలిక కలిపినా ఆయనకు చెప్పి తీరాలి.

పశువుల కొట్టంలోనూ ఇదే పాఠం. కుంటే ఎద్దుకు కాల్చిన ఇనుముతో చురకలు పెట్టడం మన పల్లెల్లో పాత వైద్యం. కొత్త మంట పాత నొప్పిని మరిపిస్తుందే తప్ప కీలును బాగుచేయదు. దాని బదులు వచ్చిన డైక్లోఫెనాక్ సూదిమందు చవక, గుణం కూడా త్వరగా ఇచ్చేది. అయితే ఆ మందు పడ్డ పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పకూలాయి. 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటే మిగిలేంతగా తగ్గిపోయాయి. 2004లో కారణం బయటపడింది, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందుల వల్ల మన రాష్ట్రం వాటికి ఆశ్రయంగా పేరు తెచ్చుకుంది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులోనే ఉంది. ఆవుకు నొప్పి మందు వేయించేటప్పుడు ఆ పేరు అడిగి మరీ వేయించుకోవాలి. పాతదనో కొత్తదనో ఏ వైద్యాన్నీ నమ్మనక్కర్లేదు. అది చేసే పని ఆసాంతం చూసి నమ్మాలి.

చూడటానికి యంత్రమే అక్కర్లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కుక్కల నొప్పి కోసం తయారుచేసిన ప్రశ్నావళిలో పదకొండే ప్రశ్నలు. నొప్పి ఎంత ఉంది, లేవడానికి, నడవడానికి, పరిగెత్తడానికి, మెట్లెక్కడానికి ఎంత అడ్డొస్తోంది అని అడుగుతుంది. వీటిలో దాదాపు అన్నిటికీ సున్నా నుంచి పది వరకు అంకె వేయాలి. కొత్త వైద్యం మొదలుపెట్టకముందే ఆ అంకెలు కాగితం మీద ఉండాలి. తర్వాత గుర్తు చేసుకుని వేస్తే లాభం లేదు. ఒకేసారి రెండు మూడు వైద్యాలు మొదలుపెడితే ఏది పనిచేసిందో తేలదు, ఒక్కొక్కటిగా పెట్టాలి. వాటన్నిటికంటే ముందు రెండు పనులు చేయాలి. కుక్క తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు పరవాలి, గిన్నెలో తిండి తగ్గించాలి. 48 లాబ్రడార్‌లను జతలుగా విడదీసి, కూనలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా గమనించిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. జతలో రెండోదానికంటే పావు వంతు తక్కువ తిన్న కుక్కలు సగటున 13 ఏళ్లు బతికాయి, మిగతావి 11.2 ఏళ్లే. కీళ్ల జబ్బు కూడా వాటిలో ఆలస్యంగా మొదలైంది. ఇంత బలమైన సాక్ష్యం ఏ నూనెకూ, ఏ సూదికీ నాకు కనిపించలేదు.

మన ప్రాంతంలో ముసలి కుక్కను, పిల్లిని సాకుతున్నవాళ్లను నేను కోరేది ఒక్కటే. ముందు రోగం ఏమిటో తేల్చుకోండి, రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ మనకు దూరమేమీ కాదు. ఆ తర్వాత మీ మనసుకు నచ్చిన వైద్యం, డాక్టరు సరేనన్నది, మొదలుపెట్టండి. మొదలుపెట్టే రోజు పొద్దున అది నిద్రలేచి నడిచే తీరును ఫోన్‌లో వీడియో తీయండి. నెల తిరిగాక అదే చోట, అదే వేళకు మళ్లీ తీయండి. రెండు వీడియోలనూ ఆ వైద్యం మీద డబ్బు గానీ, శ్రమ గానీ పెట్టని మనిషికి చూపించండి. ఏది ముందుదో, ఏది తర్వాతదో చెప్పకుండా, ఏ నడక బాగుందో అడగండి. ఆ జవాబు విని కొనసాగించాలో, మానేయాలో నిర్ణయించండి.