నేలమాళిగలో పనితనం

ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లండ్ పల్లెల్లో పబ్బంటే పిల్లాపాపలతో వెళ్లే చోటు. పెద్దలకు బీరు, పిల్లలకు లెమనేడ్, అందరికీ రోస్టు మాంసం, యార్క్‌షైర్ పుడ్డింగ్. బల్లకింద ఎవరిదో కుక్క. తిండి సంగతి అలా ఉంచితే, నాకు ముచ్చటేసేది కౌంటరు కింద, నేలమాళిగలో జరిగే పని.

అక్కడి సంప్రదాయ బీరు, కాస్క్ ఏల్, పబ్బుకు చేరాక కూడా పీపాలో పులుస్తూనే ఉంటుంది. మన కల్లులాగే ప్రాణమున్న సరుకు. ఫర్కిన్ అనే పీపాలో 9 గ్యాలన్లు, అంటే దాదాపు 41 లీటర్లు పడుతుంది. దాన్ని కదలకుండా పడుకోబెట్టి, పైనున్న బెజ్జంలో మెత్తటి చెక్కమేకు దిగ్గొడతారు. లోపలి గ్యాసు ఆ చెక్కగుండా బుసబుసమని నురగై పొంగుతుంది. యజమాని ఆ నురగను గుడ్డతో తుడిచి, మళ్లీ ఎంతసేపటికి పొంగుతుందో చూస్తాడు. జోరు తగ్గిందనిపిస్తే గట్టి మేకు బిగిస్తాడు. ముందే బిగిస్తే గ్లాసంతా నురగే, ఆలస్యమైతే బీరు చప్పబడిపోతుంది. గది 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేకుంటే రుచి పాడవుతుంది. చిన్న ఊళ్లో ఇది జూదమే!

పైన చేతిపంపు పిడిని నింపాదిగా లాగితే 568 మిల్లీలీటర్ల పైంటు నిండుతుంది. ఈ పద్ధతి కనుమరుగైపోతుందన్న బెంగతో 1971లో తాగేవాళ్లే కామ్రా అనే సంఘం పెట్టుకున్నారు. చల్లగా లేదేమిటని కొత్తవాళ్లు మొహం చిట్లిస్తారు గానీ, ఐసులా చల్లబరిస్తే ఆ మాల్టు వాసన నాలుకకు అందనే అందదు.