సాయంత్రం లెక్క

మా నాయనమ్మ పొద్దుగూకే వేళకు కోళ్లను గంప కింద కమ్మేది. కమ్మబోయే ముందు నన్ను కేకేసి "ఎన్నున్నాయే?" అని అడిగేది. పదకొండు పిల్లలుంటే పదకొండూ లెక్కకు రావాలి. పది అన్నానా, గడ్డివాము వెనకా కుడితి తొట్టి పక్కనా మళ్లీ వెతకాల్సిందే. సెలవుల్లో పగలంతా నా పని ఆకాశం కనిపెట్టుకుని ఉండటం. పెరట్లో గద్ద నీడ పడగానే తల్లికోడి గొంతు మారిపోయేది. పిల్లలన్నీ దాని రెక్కల కిందికి దూరేవి. నేను సత్తు పళ్లెం మీద గరిటెతో వాయిస్తూ అరిచేదాన్ని. అయినా ఏటా ఒకటో రెండో గద్ద తన్నుకుపోయేది. ఆ పూట నాయనమ్మ నన్ను ఒక్క మాట అనేది కాదు. లెక్క మాత్రం పైకే చెప్పేది. "ఇవాళ్టికి పది."

ఇన్నేళ్ల తర్వాత, జూన్ వచ్చిందంటే నేను మళ్లీ ఆకాశం కనిపెట్టుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడు నా కాపలా డేగ పిల్లలకు.

కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నడిబొడ్డున 307 అడుగుల గడియారపు గోపురం ఉంది. పేరు కాంపనీలీ. లోపల 61 గంటలు. గంటలు గణగణమంటున్నా లెక్కచేయకుండా, దాని మీద 2017లో ఒక పెరిగ్రిన్ ఫాల్కన్ జంట పిల్లల్ని లేపింది. మనం బైరి డేగ అనేది దీన్నే. చలికాలంలో మన వైపూ వలస వస్తుంది. మన కొండ చరియల్లోనే గూడు పెట్టే దీని దగ్గరి చుట్టం షాహీన్. మా నాయనమ్మకు వంకర ముక్కున్న పక్షి ఏదైనా శత్రువే. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశపు పేరులో ఉన్నది మాత్రం వేటడేగ. ఒకే నేల మీద ఒకరు తరిమారు, ఒకరు బిరుదుగా పెట్టుకున్నారు.

ఈ పక్షి పుల్లలూ పీచూ తెచ్చి గూడు కట్టదు. రాతి అంచు మీద మట్టినో గులకనో రొమ్ముతో ఒత్తి చిన్న గుంట చేస్తుంది. అందులో మూడో నాలుగో గుడ్లు పెట్టి ముప్పై మూడు రోజులు పొదుగుతుంది. గుడ్లలోంచి బయటపడిన ఆరు వారాలకు పిల్లలు అంచు మీదికి వస్తాయి. మగది చిన్నది, తేలిక, అది ముందు ఎగురుతుంది. ఆడది మూడో వంతు పెద్దది, దానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. అంచుకు వచ్చిన పిల్ల గాలికి ఎదురు నిలబడి రెక్కలు టపటపలాడిస్తుంది. కాళ్లు నాలుగంగుళాలు లేస్తాయి. భయపడి రాయిని గట్టిగా పట్టుకుంటుంది. మళ్లీ ఆడిస్తుంది. ఇలా రెండు రోజులు గడుస్తాయి. మూడో రోజు గాలి విసురుగా వచ్చినప్పుడు, అది ఎగిరిందో గాలే ఎత్తుకుపోయిందో తెలియకుండా, పిల్ల అంచు మీద ఉండదు.

మా పని అక్కడ మొదలవుతుంది. దీన్ని ఫ్లెడ్జ్ వాచ్ అంటారు. ఓ మడత కుర్చీ, టోపీ, బైనాక్యులర్, నీళ్ల సీసా, నోటుబుక్కు. మొదటి రెండు మూడు రోజులు పిల్లకు ఎగరడం వచ్చు గానీ దిగడం రాదు. గోడకు కొట్టుకుంటుంది, పెంకుల మీద జారుతుంది, చెట్టు కొమ్మల్లో తలకిందులుగా వేలాడుతుంది. నేల మీద పడితే మళ్లీ లేవడానికి రెక్కల్లో సత్తువ చాలదు. కార్లు, సైకిళ్లు, కుక్కలు, ఫోను తీసి దగ్గరికొచ్చే మనుషులు, అన్నీ ప్రమాదమే. అన్నిటికంటే ప్రమాదం అద్దం. అందులో కనిపించే ఆకాశాన్ని నిజమనుకుని దూసుకుపోతుంది. 2017లో పుట్టిన మొదటి రెండు పిల్లలకు విశ్వవిద్యాలయ నినాదంలోని మాటలే ఫియట్, లక్స్ అని పేర్లు పెట్టారు. లక్స్ కొద్ది రోజులకే ఒక కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోయింది.

ఈ కాపలాకు వెనక పెద్ద కథే ఉంది. మా ఊళ్లో మలేరియా వాళ్లు వచ్చి ఇంటి గోడలకు డీడీటీ కొట్టి, తలుపు పక్కన తారీఖు వేసి పోయేవాళ్లు. అమెరికాలో అదే మందును పొలాల మీద, అడవుల మీద కుమ్మరించారు. పురుగు నుంచి పిట్టకూ, పిట్ట నుంచి డేగకూ చేరి, డేగ ఒంట్లో పేరుకుంది. గుడ్డు పెంకుకు పట్టాల్సిన సున్నం పట్టనివ్వలేదు. పెంకు పలచబడింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు పగిలేది. తల్లి ఒడే పిల్లకు ప్రాణాంతకమైంది. 1962లో రేచల్ కార్సన్ పుస్తకం 'సైలెంట్ స్ప్రింగ్' ఈ మందుల సంగతి జనానికి చెప్పింది. 1970 నాటికి కాలిఫోర్నియా మొత్తంలో తెలిసిన గూళ్లు రెండే. 1972లో డీడీటీని నిషేధించారు. అంతకు ముందే టామ్ కేడ్ అనే పక్షి శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు డేగల్ని సాకి పిల్లల్ని చేయించడం మొదలుపెట్టారు. ఆ పిల్లల్ని కొండ అంచుల మీద పెట్టెల్లో ఉంచి, మనిషి కనబడకుండా మేత జారవిడుస్తూ, అవి ఎగరడం, వేటాడటం నేర్చేదాకా వారాల తరబడి అక్కడే కాచుకున్నారు. 1999లో ఈ పక్షిని అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు. కాంపనీలీ మీద 2019లో పుట్టిన పిల్లలకు పెట్టిన పేర్లు కార్సన్, కేడ్. నా మడత కుర్చీకి పూర్వీకులు ఆ కొండల మీద కాచుకున్నవాళ్లే.

ఈ పనిలో నేను నేర్చిన మొదటి పాఠం ఒక తప్పుతో వచ్చింది. ఓ సాయంత్రం పుస్తకంలో "మూడు" అని రాసి కుర్చీ మడిచేశాను. గోపురం అంచు మీద ఒకటి, పక్క భవనం కప్పు మీద ఒకటి, కాసేపటికి దీపస్తంభం మీద ఒకటి. మా బృందంలో అందరికంటే పెద్దావిడ, రిటైరైన టీచరు, నా పుస్తకం చూసి ఒక్కటే అడిగింది. "మూడూ ఒకేసారి కనబడ్డాయా?" కనబడలేదు. కప్పు మీద నుంచి లేచినదే దీపస్తంభం మీదికి వచ్చింది. దాన్నే రెండుసార్లు లెక్కపెట్టాను. కోడిపిల్లల దగ్గర నాయనమ్మ చెప్పిందీ ఇదే. నడిచే పిల్లల్ని ఒకటొకటిగా లెక్కపెట్టొద్దు, మేత చల్లి అన్నీ ఒక చోటికి చేరాకే లెక్కపెట్టమనేది. ఎలా మరిచిపోయాను?

మూడోది గంటన్నర తర్వాత దొరికింది. రెండు భవనాల మధ్య సందులో, సైకిళ్లు నిలిపే చోట, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గోధుమరంగు ఈకలు, రొమ్ము మీద నిలువు గీతలు. పెద్దయ్యాక ఆ గీతలు అడ్డంగా మారతాయి, వీపు పలక రంగు తేలుతుంది. నీలి బూడిద రంగు పాదాలింకా పసుపు పచ్చబడలేదు. నడినెత్తిన మాత్రం తెల్లటి నూగు, ఒక్క దూదిపింజంత. నోరు తెరిచి రొప్పుతూనే మమ్మల్ని బెదిరిస్తూ రెక్కలు విప్పింది. ఎత్తుకోవాలని చేతులు పీకాయి. ఎత్తకూడదు. దాన్ని ముట్టుకునే అనుమతీ శిక్షణా ఉన్నవాళ్లు వేరు. మేము పది అడుగుల దూరంలో అర్ధచంద్రంగా నిలబడి, సైకిళ్ల వాళ్లను దారి మళ్లించి, కుక్కతో వస్తున్నవాళ్లను ఆపి, మాట్లాడకుండా ఉన్నాం. ఓ ఇరవై నిమిషాలకు తువ్వాలూ అట్టపెట్టే పట్టుకుని ఒకావిడ వచ్చింది. దెబ్బలు లేవని చూసి, తెల్లారగట్ల కప్పు మీద వదిలారు. ఆ ఇరవై నిమిషాల్లో ఊరికే నిలబడటమే చేశాం. కాపలాలో చాలా భాగం అదే.

డేగ తల్లికి ఇది మనకంటే బాగా తెలుసు. గూట్లో ఉన్నన్నాళ్లూ మాంసం పేలికలు చేసి నోటికందిస్తుంది. పిల్ల ఎగిరాక పద్ధతి మారుతుంది. పావురాన్ని కాళ్లలో పట్టుకుని గోపురం చుట్టూ తిరుగుతుంది గానీ అంచు మీద దించదు. పిల్ల ఆకలితో కీచుమంటూ వెంటపడాలి. ఓసారి చాలా దగ్గరగా చూశాను. తల్లి మెల్లగా సాగుతోంది. పిల్ల కింద నుంచి వచ్చి, తిరగబడి, వీపు నేలకూ కాళ్లు ఆకాశానికీ పెట్టి, తల్లి కాళ్లలోంచి పావురాన్ని లాక్కుంది. లాక్కున్న బరువుకు తడబడి జారవిడిచింది. తల్లి రెక్కలు ముడిచి నిట్టనిలువునా దిగి, అది చెట్ల మీద పడకముందే అందుకుని, మళ్లీ పైకి వచ్చి, మళ్లీ అదే నిదానంతో పిల్ల ముందు నుంచి సాగింది. గంటకు మూడు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో దూకగల పక్షి అది. పిల్ల కోసం ఎంత నెమ్మదించిందో చూసినవాళ్లకు ఆ వేగం కంటే ఈ నెమ్మదే గుర్తుంటుంది.

రోజులు గడిచేకొద్దీ పిల్లలు గాలిలో ఒకదాన్నొకటి తరుముతాయి, కాళ్లు కలుపుకుని గిరికీలు కొడతాయి, ఎండుటాకును తన్నుకుపోతాయి. చూసేవాళ్లు ఆట అంటారు. ఆ ఆటే రేపటి వేట. పిల్ల రెక్కల ఈకలూ తోకా పెద్దల కంటే కాస్త పొడుగు. వేగం తగ్గినా గాలిలో నిలకడ ఉంటుంది. నేర్చుకునే ఏడాదికి ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు అది. అంత చేసినా సగానికి పైగా పిల్లలు తొలి ఏడాది దాటవు.

నాయనమ్మ లెక్కకూ నా లెక్కకూ తేడా ఇక్కడే తెలిసింది. ఆవిడ లెక్క తగ్గితే గద్ద వచ్చినట్టు. నా లెక్క తగ్గాలి. జులైలో మూడు రెండవుతాయి. రెండు ఒకటవుతుంది. ఆ ఒక్కటీ ఓ సాయంత్రం రాదు. చచ్చిపోయిందా, తన వేట తాను చూసుకుంటోందా, చెప్పేవాళ్లు ఉండరు. 2018లో పుట్టిన లారెన్షియం అనే పిల్ల తర్వాత ఆల్కట్రాజ్ దీవి మీద గూడు పెట్టి కనిపించింది. కాలికి వేసిన కడియం మీది గుర్తులు చదివి పోల్చుకున్నారు. అలాంటి కబురు ఎప్పుడో ఒకటి. మిగతావన్నీ పుస్తకంలో ఖాళీలే. ఆ పిల్లల తండ్రి గ్రిన్నెల్ 2022లో, బహుశా రోడ్డు మీద బండి తగిలి, పోయింది. తల్లి ఆనీ 2025 జనవరి తర్వాత కనబడలేదు. ఆవిడ కోసం మాలో చాలామంది రోజూ పైకి చూస్తూ వచ్చారు. చివరికి చూడటం మానేసి, రాయడమూ మానేశారు.

ఏటా మొదటి సున్నా వచ్చిన రోజు నేను వెంటనే లేవను. నాలాగే చీకటిపడేదాకా కూర్చునేవాళ్లు ఇంకొందరు ఉంటారు. ఆరు వారాలుగా వింటున్న కీచు అరుపు చెవిలో లేకపోతే గోపురం ఖాళీ గంపలా కనిపిస్తుంది. గంటలు మోగుతాయి. పావురాలు జంకు లేకుండా అంచు మీద వాలతాయి. అప్పుడు పుస్తకం తీసి తారీఖు వేసి, నాయనమ్మ చెప్పినట్టే గట్టిగా పైకి అని, రాసుకుంటాను. ఇవాళ్టికి సున్నా.