ఫియట్‌లో భద్రాచలం దారి

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం. అక్కడి నుంచి పాల్వంచ, సారపాక, గోదావరి వంతెన. అంతా కలిపి దాదాపు 120 కిలోమీటర్లు. ఇప్పటి ఏసీ కారుకు ఇదొక లెక్క కాదు. ప్రీమియర్ పద్మినిలో, అదీ సీతారాముల కల్యాణానికి, చైత్రమాసపు ఎండలో బయల్దేరాలంటే మాత్రం చేతిలో విద్య ఉండాలి. ఆ విద్యలో ముప్పాతిక వంతు వేడిని అదుపులో పెట్టడమే.

బండి గురించి నాలుగు మాటలు చాలు. ఇటలీ ఫియట్ 1100ను ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయి కుర్లాలో తయారుచేశారు. 1970లలో పద్మిని అని పేరు మార్చినా మనవాళ్ల నోట చివరిదాకా అది ఫియటే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు.

వేడి ముందుగా దెబ్బతీసేది పెట్రోలు పంపును. అది ఇంజనుకే బిగించి ఉంటుంది. కొత్తగూడెం దగ్గర బొగ్గు లారీల వెనక నెమ్మదిగా పోతుంటే బానెట్ కింద గాలాడదు. పంపులోని పెట్రోలు ఆవిరవుతుంది, ఆవిరిని ఆ పంపు తోయలేదు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. పాత డ్రైవర్లు దీనికి కంగారుపడేవారు కాదు. చెట్టు నీడన ఆపి, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, టీ తాగొచ్చేవారు. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, సీబీ పాయింట్లతో పాటు నీళ్ల డబ్బా, పాత తువ్వాలు ఉండేది అందుకే. తెలివైనవాళ్లు అసలు తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదిరేలోగా రేవులో స్నానం కూడా ముగించేవారు.

1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వంతెనను ప్రారంభించేదాకా ఇక్కడ గోదావరి దాటాలంటే పడవలే దిక్కు. ఇప్పుడు వంతెన దాటి, ఊరు దాటితే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. 2014 విభజన తర్వాత గీత అక్కడ పడింది. అదే దారిలో ఇంకా ముందుకు పోతే వచ్చే చింతూరులో ఒక దారి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు పోతుంది, ఇంకోటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంది.

ఫియట్‌కు అసలు పరీక్ష ఆ ఘాటే. ఇంజను అరుస్తోందని జాలిపడి కొత్తవాళ్లు మూడో గేరులోనే ఈడ్చుకెళతారు. జాలి పనికిరాదు. రేడియేటరు వెనక తిరిగే ఫ్యానూ, నీళ్లు తిప్పే పంపూ ఇంజను బెల్టుతోనే నడుస్తాయి. ఇంజను నీరసంగా తిరిగితే అవీ అంతే. రెండో గేరులో వేస్తే చప్పుడు పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. నీళ్లు మరిగితే వెంటనే మూత తిప్పకూడదు, ముఖం కాలుతుంది. చల్లారాక ఇంజను నడుస్తుండగా కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి. ఒక్కసారిగా పోస్తే బ్లాకు పగిలే ప్రమాదముంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది మరో నియమం. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

ఈ బండి ఇప్పటి కారుకన్నా భద్రమని నేననను, కానేకాదు. ఎయిర్‌బ్యాగు లేదు, వానలో ఆ బ్రేకుల్ని నమ్మడం కష్టం. కానీ ఆగిపోతే ఎందుకాగిందో కంటితో చూడొచ్చు, స్పానరుతో బాగుచేసుకోవచ్చు. అడవిదారిలో ఫోను సిగ్నలు లేనిచోట ఇది చిన్న సౌకర్యం కాదు. కార్బొరేటర్ విప్పి జెట్టు ఊది బిగించగల మెకానిక్కులే తగ్గిపోతున్నారు.

ఒక కొత్త చిక్కు కూడా వచ్చిపడింది. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలనూ, పంపులోని డయాఫ్రమ్‌నూ మెత్తబరిచి పాడుచేస్తుంది, తేమను కూడా పీల్చుకుంటుంది. పద్మినితో ఈ దారి పట్టదలచినవాళ్లు ముందు ఆ గొట్టాలు మార్పించుకోవాలి. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేవాళ్లు ట్యాంకులో పాత పెట్రోలు మిగల్చకూడదు.