పాత్ర ఉద్దేశాన్ని అర్థం చేసుకోవడం: ‘స్లామ్ డంక్’లో సకురాగి

కథలోని పాత్ర తాను ఒక పని ఎందుకు చేస్తున్నదో చెప్పినప్పుడు, ఆ మాటను మనం సాధారణంగా నమ్మేస్తాం. క్రీడలు ఇతివృత్తంగా వచ్చిన మాంగాలను, అంటే జపాన్ బొమ్మల కథలను, చదివేటప్పుడు ఈ అలవాటును కొంత పక్కన పెట్టవలసి ఉంటుంది. తకెహికో ఇనొవే రచించి బొమ్మలు గీసిన ‘స్లామ్ డంక్’ ఇందుకు మంచి ఉదాహరణ. ఇది 1990 నుంచి 1996 వరకు ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 31 సంపుటాలుగా వెలువడింది.

కథానాయకుడు సకురాగి హైస్కూలు విద్యార్థి. అంతకుముందే 50 మంది అమ్మాయిలు అతన్ని కాదన్నారు. చివరి అమ్మాయి ఒక బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి ఇష్టపడింది కాబట్టి, ఆ ఆట పేరెత్తితేనే అతనికి మంట. అలాంటివాణ్ణి హరుకో అనే అమ్మాయి బాస్కెట్‌బాల్ ఇష్టమా అని అడుగుతుంది. ఆమె మెప్పు కోసం ఎంతో ఇష్టమని అబద్ధమాడి, ఆ తరువాత జట్టులో చేరతాడు.

మొదట అమ్మాయి కోసం ఆడాడు, తరువాత ఆట కోసం ఆడాడు అని ఈ కథను ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. పరీక్షలో అలా రాస్తే తప్పు కాదు గానీ, అది చాలదు. ఒక ఉద్దేశం పోయి మరొకటి వచ్చిన క్షణం ఏదని వెతికితే కథలో అది దొరకదు. జాతీయ పోటీలకు ముందు జట్టు శిక్షణ శిబిరానికి వెళ్తే, సకురాగి బడిలోనే ఉండి 20,000 జంప్ షాట్లు సాధన చేస్తాడు. అక్కడ హరుకో కూడా ఉంటుంది. కానీ మనం చూడవలసినది మరొకటి: తాను మేధావినని రోజూ చెప్పుకునే ఆ కుర్రవాడు, తన షాట్‌ను వీడియోలో చూసుకుని విస్తుపోతాడు. తనను తాను బయటినుంచి చూడగలగడమే అతని ఎదుగుదల అని నా అభిప్రాయం.

సన్నో జట్టుతో ఆడుతూ వెన్నుకు దెబ్బ తగిలిన తరువాత, అతను హరుకోతో మళ్లీ ఇష్టమనే అంటాడు. ఈసారి అబద్ధం కాదని కూడా అంటాడు. జపాన్ భాషలో ఆ మాటకు కర్మపదం లేదు. ఇష్టం ఆట మీదా, ఆమె మీదా? తెలుగులోనూ ‘చాలా ఇష్టం’ అని ఊరుకోవచ్చు కాబట్టి ఈ సందిగ్ధత మనకు సులభంగానే అందుతుంది. రెండూ కలిసే ఉన్నాయని చదవడమే న్యాయం.

ఆట చివరి క్షణాలు దాదాపు మాటలు లేకుండా సాగుతాయి. బంతిని ఇతరులకు సులభంగా ఇవ్వని రుకావా, తనకు పడని సకురాగికి అందిస్తాడు. డంక్ కొట్టి మెప్పించాలని కలలు కన్నవాడు, సాధన చేసిన మామూలు జంప్ షాట్‌తో 79–78 తేడాతో జట్టును గెలిపిస్తాడు. తరువాతి ఆటలో జట్టు ఓడిపోతుంది. రచయిత ఆ సంగతి చెప్పీ చెప్పనట్టు చెబుతాడు.

ఇంత సూక్ష్మత హరుకో పాత్రకు దక్కలేదు. ఆమె కూడా ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడినదే. అయినా ఆమెకు ఏం కావాలో రచయిత పెద్దగా పట్టించుకోలేదు. ఇది రచనలో లోపమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: రుకావా ఆ బంతిని సకురాగికి ఎందుకు అందించాడు? అతని మాటలను కాక, చేతలను ఆధారం చేసుకుని ఐదు వాక్యాల్లో రాయండి.