కాలా ఘోడా కళోత్సవం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒక చిత్రాన్ని గాని, ఒక నాటకాన్ని గాని విమర్శించేటప్పుడు మన ఎదుట ఒకే కృతి ఉంటుంది. అనేక కళలు కలిసే ఉత్సవంలో కృతి ఒకటి కాదు, కర్త ఒకరు కారు, ప్రేక్షకుడు ఒకచోట కూర్చుని ఉండడు. అటువంటప్పుడు దేనిని బట్టి విలువ కట్టాలి? ముంబయిలో జరిగే కాలా ఘోడా కళోత్సవాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. నేపథ్యం

కాలా ఘోడా దక్షిణ ముంబయిలోని చిన్న ప్రాంతం. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ (1952), జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల (1996), ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం, డేవిడ్ ససూన్ గ్రంథాలయం, జర్మన్ సాంస్కృతిక కేంద్రమైన మాక్స్ ముల్లర్ భవన్ ఇక్కడ నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఈ ప్రాంత పరిరక్షణ కోసం 1998లో కాలా ఘోడా అసోసియేషన్ ఏర్పడింది. 1999లో ఉత్సవం మొదలైంది. సాధారణంగా జనవరి చివర లేదా ఫిబ్రవరి మొదట్లో తొమ్మిది రోజులు జరుగుతుంది. నృత్యం, సంగీతం, నాటకం, సాహిత్యం, సినిమా, దృశ్యకళలు, చారిత్రక కట్టడాల మధ్య నడకలు ఇందులో భాగాలు. ప్రవేశ రుసుము లేదు.

2. సాధించినది

గ్యాలరీ గడప తొక్కడానికి జంకే మనిషి ఎదుటికి కళే నడిచి రావడం ఈ ఉత్సవం సాధించిన మొదటి విజయం. వాహనాలు తిరిగే ర్యాంపార్ట్ రో ఆ రోజుల్లో పాదచారుల వీధి అవుతుంది. నృత్యం చూడవచ్చిన వ్యక్తి దారిలో గ్రంథాలయం తోటలో కవిత్వం విని ఆగవచ్చు. టికెట్టు ఉంటే ఇలా తటస్థపడడం సాధ్యం కాదు.

3. పరిమితులు

అయితే జనసమ్మర్దం కళారూపాన్ని కూడా మారుస్తుంది. వీధిలో నిలిపే కృతి దూరానికి కనబడాలి, క్షణంలో అర్థం కావాలి, ఫొటోలో బాగుండాలి. నిదానంగా చూడవలసిన కృతికి అక్కడ చోటు తక్కువ. సంబరాన్ని గ్యాలరీ ప్రమాణాలతో తూచరాదని కొందరు వాదించవచ్చు. కాని మన తిరునాళ్లను చూడండి. రంగులరాట్నం, మిఠాయి అంగళ్లు ఉన్నచోటే రాత్రికి నాటకమూ ఉంటుంది. దానికి తనదైన వేళ, తనదైన పందిరి ఉండడం వల్ల సందడి దానిని మింగివేయదు. కాలా ఘోడాలో కూడా తోటలో జరిగే సాహిత్య సభలు, కట్టడాల మధ్య నడకలు వీధిలోని భారీ నిర్మాణాల కంటే బలంగా ఉండడానికి కారణం ఇదే. వాటికి వేళ ఉంది, స్థలంతో సంబంధం ఉంది. పక్కపక్కన పెట్టినంత మాత్రాన కళలు ఒకదానితో ఒకటి మాట్లాడవు.

4. రౌతు లేని గుర్రం

స్థలంతో కళకు గల సంబంధానికి ఆ ప్రాంతం పేరే ఉదాహరణ. కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. 1879 నాటి బ్రిటిష్ యువరాజు (తరువాత ఏడవ ఎడ్వర్డ్) అశ్వారూఢ విగ్రహం వల్ల ఆ పేరు వచ్చింది. 1965లో విగ్రహాన్ని తొలగించి, అనంతరం బైకుల్లాలోని ఉద్యానానికి చేర్చారు. జనం నోట పేరు మాత్రం నిలిచింది. 2017లో అక్కడ కొత్త నల్ల గుర్రాన్ని నిలిపారు. ఈసారి రౌతు లేడు. పాలకుడిని వదిలి ప్రజల పేరును నిలబెట్టడం అర్థవంతమైన నిర్ణయం. కాని ఖాళీ వీపు ఒక ప్రశ్న వేస్తుంది: ఇప్పుడు ఈ వీధికి రౌతు ఎవరు? కళాకారుడా, నడిచివచ్చే ప్రేక్షకుడా, ఖర్చు భరించే వాణిజ్య సంస్థా? ప్రవేశం ఉచితమైనంత మాత్రాన ఈ ప్రశ్న తీరిపోదు.

5. సారాంశం

ఉత్సవాన్ని జనసంఖ్యతోనో కార్యక్రమాల సంఖ్యతోనో కొలవరాదు. కళలు పరస్పరం స్పందించాయా, స్థలానికి స్పందించాయా, తొమ్మిది రోజుల తరువాత ఆ వీధిలో నడిచేవారికి ఏమి మిగిలింది అనేవే ప్రమాణాలు. వీటి ప్రకారం కాలా ఘోడా వీధిని ప్రజలకు తెరవడంలో సఫలమైంది. తెరిచిన వీధిలో నిదానానికి చోటు కల్పించడం ఇంకా మిగిలి ఉంది.

అభ్యాసం: హైదరాబాదులోని ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడలపై వేసిన పెద్ద చిత్రాలను పై ప్రమాణాలతో పరిశీలించండి. కార్యాలయాలు, గ్యాలరీలు ఉన్న వీధికీ, జనం నివసించే బస్తీకీ మధ్య ప్రమాణాలు మారాలా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.